బంతికి తలంటు

మాది గూడూరు. గూడూరు అనగానే తిరుపతి యాత్ర చేసివచ్చిన వాళ్లందరూ "ఆఁ, జంక్షను!" అంటారు. ఆ గూడూరు కాదు మహాప్రభో, ఇది కర్నూలు జిల్లా గూడూరు, ఎమ్మిగనూరు వైపు పోయేవాళ్లకు తెలిసినది అని సంజాయిషీ చెప్పుకోవటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఈ సంవత్సరం అమెరికా వెళితే అక్కడ కూడా నలుగురైదుగురు తెలుగువాళ్లకు ఇదే చెప్పుకోవలసి వచ్చింది.

ఆదోనిలో ఒక నూనెమిల్లులో 31 సంవత్సరాలు గుమాస్తాగిరీ వెలగబెట్టాను. జమాఖర్చులు వ్రాయటం తప్ప నాకు మరో విద్య రాదు. అటువంటివాణ్ణి 71వ ఏట ఒక కొత్త విద్య నేర్చాను. బంతికి తలంటుపోయటం. నవ్వకండి, అసలు సంగతి వినండి.

పోయిన సంవత్సరం ఆషాఢంలో నా భార్య కాలం చేసింది. మావాడు టెక్సాసు రాష్ట్రంలో డల్లసు నగరాన్ని ఆనుకునివున్న ఇర్వింగు అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. "ఒక్కడివే ఆ ఇంట్లో ఏం చేస్తావు నాయనా, వచ్చి ఆర్నెల్లుండు" అని పిలిస్తే మార్చి నెలలో వెళ్లాను. అక్కడ నాకు పనేమీ లేదు. కోడలు మంచి పిల్ల. తాగిన కాఫీ గ్లాసు కూడా కడగనివ్వదు. ఏడేళ్ల మనవరాలు "జేజినాయనా" అనే పిలుపును ఇంగ్లీషు యాసలో సాగదీసి పిలుస్తుంటే ఎవరినో అనుకుని వెనక్కు తిరిగి చూసేవాణ్ణి. గోంగూర దగ్గర్నుంచి అన్నీ దొరికే ఊరు గనుక పరదేశమన్న బెంగ కూడా పెద్దగా లేదు. బెంగంతా మావాడితోనే. ఇద్దరమూ భోజనానికి కూర్చుంటే కంచాల చప్పుడే గాని మాట చప్పుడు ఉండేది కాదు.

దానికి కారణముంది. తల్లి పోయిన కబురు విని వాడు బయలుదేరి, విమానాలు మారి, మూడోనాటికి గాని ఇల్లు చేరలేకపోయాడు. అప్పటికి అంతా అయిపోయింది. నా తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. వాడికోసం ఆగవద్దని చెప్పింది నేనే. వచ్చిన తర్వాత వాడు నన్ను ఒక్కమాట అడగలేదు. నేనూ చెప్పలేదు. కర్మకాండ ముగిసేవరకు ఉండి వెళ్లిపోయాడు. తొమ్మిది నెలలుగా ఆ మాట మా ఇద్దరి నడుమ అట్లాగే ఉండిపోయింది.

మంగళవారం రాత్రి మాత్రం మావాడి ముఖంలో కాస్త కళ ఉండేది. ఆ రాత్రి వాడికి బౌలింగు ఆట. బౌలింగంటే క్రికెట్టు కాబోలుననుకుని మొదటిసారి వెంట వెళ్లాను. తీరా చూస్తే అది పెద్ద మిల్లు షెడ్డంత హాలు. వరసగా నున్నటి బాటలు. ఒక్కొక్కటి 60 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. అవతలి కొసన సీసాల్లాంటి కొయ్య పిన్నులు, 15 అంగుళాల ఎత్తువి, పదింటిని త్రికోణంగా నిలబెడతారు. ఇవతలనుంచి గుమ్మడికాయంత బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. బంతికి మూడు కన్నాలుంటాయి. ఒకటి బొటనవేలికి, రెండు మధ్యవేలికీ ఉంగరపు వేలికీ. 16 పౌన్లకు మించిన బంతి పనికిరాదు. మావాడిది 15 పౌన్లు, అంటే ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అంత బరువును మనవాళ్లు ఎవరైనా మోయమంటే మోస్తారు గాని డబ్బిచ్చి మరీ దొర్లిస్తారా అనుకున్నాను. కాని చూస్తూ చూస్తూ నాకూ రుచి పట్టింది.

ఈ ఆటలో కిటుకంతా నూనెలో ఉందని తెలిసినప్పుడు మరీ పట్టింది. ఆ బాట మీద మొదటి 40 అడుగుల వరకూ రోజూ యంత్రంతో పలచగా నూనె పూస్తారు. పూర్వం కొయ్య అరిగిపోకుండా పూసేవారట. తరవాత అదే ఆటకు ప్రాణమైంది. చివరి 20 అడుగులూ పొడి. బంతిని వేళ్లతో కొంచెం పక్కకు మెలిపెట్టి వదిలితే నూనె ఉన్నంతమేరా తిరుగుతూనే తిన్నగా జారిపోతుంది. పొడి నేల తగలగానే పట్టు దొరికి, ఒక్కసారిగా లోపలికి వంపు తిరిగి పిన్నుల గుంపులో జొరబడుతుంది. ఆ వంపునే హుక్ అంటారు. బొంగరం ఆడినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. మా మిల్లులో నూనె ఓడిన గచ్చు మీద కూలీల పిల్లలు బొంగరం వేస్తే అది ఉన్నచోట నిలవక జారుతూ పోయేది. అదే బొంగరం మట్టినేల మీద మొల పాతినట్టు నిలిచేది.

వంపు లేకుండా తిన్నగా పోయిన బంతి ముందరి పిన్నును కొట్టి పక్కకు తొలగిపోతుంది. ఆరు డిగ్రీల వాలున వంపు తిరిగి ముందరి పిన్నుకూ పక్కదానికీ నడుమ దూరిందా, పదీ పడతాయి. అంచేత హుక్ పోయిన ఆటగాడు పన్ను ఊడిన పులి.

మావాడికి సరిగ్గా అదే జరిగింది.

"ఏమిరా, ఎట్లాడినావు?" అంటే "ఏముంది నాయనా, బంతి తిరగటం లేదు" అనేవాడు. ఏప్రిలంతా ఇదే మాట. మొదట నూనె ఎక్కువ పూస్తున్నారన్నాడు. తరవాత షూసన్నాడు. చివరికి బంతి చచ్చిపోయింది, కొత్తది కొనాలన్నాడు. ఖరీదెంతరా అంటే 220 డాలర్లన్నాడు. నేను మనస్సులో రూపాయల్లోకి మార్చుకున్నాను. ఈ అలవాటు మానమని కోడలు ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఇరవైవేలకు దరిదాపు! ఉన్న బంతికేమొచ్చిందో చూడకుండా కొత్తదా?

మా మిల్లులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ఒక ఏడు ఎక్స్‌పెల్లర్లలో వేరుశనగ నూనె దిగుబడి పడిపోయింది. యజమాని విత్తులు మంచివి కావన్నాడు, ఫిట్టరు మరలు అరిగాయన్నాడు, కాపలావాడు దొంగతనమన్నాడు. మేస్త్రీ మాత్రం, "ఒక్కొక్కటే మార్చండి సామీ, అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు. చివరికి గోదాములో ఒక గోడ చెమ్మగిలి విత్తులు తడి పడుతున్నాయని తేలింది. నేను మావాడితో ఆ మాటే అన్నాను. మరుసటి మంగళవారం ఒక చిట్టా పుస్తకం పట్టుకుని వెళ్లి కూర్చున్నాను.

ఆ బాట మీద నిలువునా 39 పలకలు పరిచినట్టు గీతలుంటాయి. బంతి ఎన్ని పలకల మేర లోపలికి తిరిగిందో లెక్కపెట్టవచ్చు. మావాడి జట్టులో ఒక నల్లజాతి పెద్దమనిషి ఉన్నాడు. సిటీబస్సు నడిపి రిటైరైనవాడు, ఇంచుమించు నా యీడువాడు. ఆయన చూసి చెబుతుంటే నేను వ్రాశాను. నా మిల్లు ఇంగ్లీషు ఆయనకూ, ఆయన టెక్సాసు ఇంగ్లీషు నాకూ సగం సగం అర్థమైనా అంకెలకేం భాష? పోయిన సంవత్సరం 12 పలకలు తిరిగే బంతి ఇప్పుడు మూడు పలకలు తిరుగుతోంది.

ఆ పెద్దమనిషే అడిగాడు, ఈ బంతితో ఎన్ని ఆటలయ్యాయని. మావాడు తల గోక్కున్నాడు. నేను లెక్క కట్టాను. బంతి కొని కన్నాలు వేయించింది పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో. ఆడిన వారాలు 50కి తక్కువ కావు. వారానికి మూడాటలు. 150 ఆటలు! "శుభ్రం చేశావా?" అంటే మావాడు నేలచూపులు చూశాడు. యాభై అరవై ఆటలకొకసారి లోపలి నూనె తీయించాలట. ఈ బంతుల పైతొడుగు ఒకరకం రెజిను, కంటికి కనబడని రంధ్రాలు గలది. 1990 తరవాత వచ్చిన రకమిది. అంతకుముందు పాలియురథేను, దానికి ముందు పాలియెస్టరు, ఇంకా వెనక్కు వెళితే 1905 నుంచి గట్టి రబ్బరు, ఆ పూర్వం ఉత్త కొయ్య. (ఆర్లింగ్టనులో ఈ ఆటకొక మ్యూజియముంది. 2010లో సెయింట్ లూయీనుంచి అక్కడికి తెచ్చి పెట్టారు. బంతులకు మ్యూజియమా అని విస్తుపోకండి, వాళ్లకు ప్రతిదానికీ ఉంది.) పాత బంతులు నూనె తాగవు. అంతగా తిరగనూ తిరగవు. ఈ కొత్తవి పట్టు బాగా పడతాయి, ఆ రంధ్రాలతోనే నూనె కూడా పీలుస్తాయి. పీల్చి పీల్చి, చివరికి పొడి నేల మీద కూడా నూనె కాళ్లతో నడిచినట్టు జారిపోతాయి.

నాకు చెప్పాలా ఈ సంగతి? ఎక్స్‌పెల్లర్లో ఎంత పిండినా వేరుశనగ చెక్కలో నూటికి ఏడెనిమిది పాళ్ల నూనె దాగే ఉంటుంది. నా చొక్కాలు, చిట్టాలు, చివరికి నా పెళ్లినాటి గడియారం పట్టీ కూడా ఆ మిల్లు నూనె తాగినవే. "ఎండలో పెడితే సరి, నూనె అదే కారుతుంది" అని సలహా పారేశాను. బస్సు పెద్దమనిషి చేతులెత్తేశాడు. ఆయన తన వయసులో బంతిని వంటింటి ఓవెనులో పెట్టి వేడిచేశాడట. ఫటుక్కున రెండు పగుళ్లు. ఎండకు కారు డిక్కీలో వదిలినా ప్రమాదమే. లోపలి దిమ్మె ఒకరకంగా, పై తొడుగు ఒకరకంగా వ్యాకోచిస్తాయి గనుక బద్దలవుతుంది. వేడినీళ్లే మంచిదన్నాడు. అప్పుడు నాకు వెలిగింది. నూనె తాగినదానికి కావలసింది తలంటు!

శనివారం ముహూర్తం పెట్టాం. నేను తెలుగువాళ్ల కొట్టుకు వెళ్లి కుంకుడుకాయ పొడి తెస్తానన్నాను. దాని నలక కన్నాల్లోనూ రంధ్రాల్లోనూ ఇరుక్కుంటుందని మావాడు ససేమిరా ఒప్పుకోలేదు. గిన్నెలు తోమే సబ్బునీళ్లతోనే సరిపెట్టుకున్నాం. మూడు కన్నాలకూ నీరు చొరని టేపు అంటించాం. స్నానాలగదిలో బకెట్టు పెట్టి వేడినీళ్లు పట్టాం. 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటరాదు. కోడలు వంటింట్లో వాడే ధర్మామీటరు ఇచ్చింది గాని, దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వనని ముందే చెప్పింది. బంతి తేలుతుందా మునుగుతుందా అని మనవరాలు పందెం కాసింది. 11 పౌన్లూ అంతకు తక్కువా ఉన్న బంతులు తేలతాయట. మావాడిది బుడుంగున మునిగింది. పందెం నేనే ఓడాను.

పావుగంటకు చూస్తే, ఏమని చెప్పను, బంతికి చెమట పట్టింది! ఒళ్లంతా సన్నటి బొట్లు. నీళ్ల మీద పసుప్పచ్చటి తెట్టు. వేలితో రుద్ది వాసన చూశాను. వేరుశనగ నూనె కాదు, మినరల్ ఆయిలు. అయినా ఆ జిడ్డు చేతికి తెలిసినదే. నీళ్లు మూడుసార్లు మార్చాం. రెండోసారి తెట్టు పలచబడింది, మూడోసారి నీళ్లు తేటగా నిలిచాయి. తువ్వాలుతో తుడిచి ఒక రోజంతా నీడన ఆరబెట్టాం. తరవాత మావాడు గరుకు పట్టీలతో, మొదట 500 నంబరుది, పిమ్మట 2000 నంబరుది, ఒక్కొక్క పక్కా సమంగా రుద్దాడు. మనం ఉప్పుకాగితంతో తలుపు రుద్దినట్టే. నిగనిగలాడుతున్న బంతిని మసకబార్చటమేమిటిరా అంటే, నిగనిగే దానికి శత్రువట, గరుకుంటేనే పట్టు ఉంటుందట. దుకాణంలో అయితే యంత్రం మీద తిప్పి ఇంకా సమంగా రుద్దుతారు. ఈ పనంతా ఆట మొదలు కాకముందే చెయ్యాలి. ఆట మధ్యలో రుద్దటానికి వీల్లేదు. 2019 ఆగస్టు నుంచి పోటీ నడుస్తుండగా శుభ్రం చేసే ద్రవాలు కూడా వాడకూడదు, పొడిగుడ్డతోనే తుడుచుకోవాలి.

మంగళవారం వచ్చింది. నేను చిట్టాతో సిద్ధం. మొదటి బంతి ఏడు పలకలు తిరిగింది. రెండోదీ ఏడు. మూడోది ఆరు. మూడుకు ఏడు లాభమే. కాని పన్నెండు ఏదీ? మావాడు నీరుగారిపోయాడు. "చూసినావా నాయనా, బంతి పనైపోయింది. కొత్తది కొనాల్సిందే" అన్నాడు.

"ఒక్కొక్కటే మార్చు" అన్నాను. బంతి అదే ఉంచి మనిషిని మారుద్దాం. బస్సు పెద్దమనిషిని మావాడి బంతితో వెయ్యమన్నాను. ఆయన వేళ్లు దాంట్లో సరిగా ఇమడవు. అయినా బొటనవేలు పెట్టకుండా అరచేతిలో ఆనించుకుని ఎట్లాగో వేశాడు. బంతి గిర్రున తిరిగి 13 పలకలు లోపలికి వచ్చింది. బంతిలో దోషం లేదు. ఉన్న దోషం కడిగేశాం. మిగిలింది చెయ్యి.

అప్పుడు నేను అంకెలు మానేసి మావాడి చెయ్యి చూశాను. ఇన్ని వారాలుగా బంతినే చూస్తూ వచ్చాను గాని, వేసే చేతిని చూడలేదు. ఉంగరపు వేలికి నిశ్చితార్థంనాటి ఉంగరం లేదు. ఆడేటప్పుడు తీసి సంచిలో పెడతాడు. సంచి తెరిచి చూస్తే ఉంగరానికి లోపలివైపు దారం చుట్టివుంది. తెల్లదారం, మాసి నల్లబడింది. మన ఆడవాళ్లు వదులైన ఉంగరానికి చుట్టుకుంటారే, అట్లా.

"ఎప్పుడు చుట్టినావురా ఇది?"

"పోయిన ఏడు. గూడూరు నుంచి వచ్చినాక."

"ఎంత తగ్గినావు?"

"చూసుకోలేదు."

ఉంగరం వదులైనవాడికి బొటనవేలి కన్నం మాత్రం వదులు కాదా? ఆ కన్నం వేయించింది తల్లి పోకముందు. అప్పటి వేలికి కొలత తీసింది. బంతి జారిపోతుందేమోనని వీడు తెలియకుండానే వేలు మడిచి గట్టిగా పట్టుకుంటున్నాడు. మామూలుగా బొటనవేలు ముందు జారుకోవాలి, తరవాత రెండు వేళ్లూ బంతిని మీటాలి. ఆ మీటటంలోనే మెలి. బిగబట్టిన వేలు ఆలస్యంగా ఊడుతుంది, మూడూ కలిసి వస్తాయి, మెలి పడదు. ఈ వివరమంతా బస్సు పెద్దమనిషి చెప్పిందే. ఆయన సంచిలోంచి అంగుళం వెడల్పు టేపు ముక్కలు తీసి కన్నం లోపల ఒకటి అంటించాడు. వేలు పెట్టి చూడమన్నాడు. ఇంకొకటి. ఇంకొకటి. మూడు ముక్కలకు సరిపోయింది.

ఆ రాత్రి తిరిగి వస్తూ కారు ఇంటిముందు ఆపి, మావాడు దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు.

"నా కోసం ఎందుకు ఆగలేదు నాయనా?" అన్నాడు.

చీకట్లో వాడి ముఖం కనబడలేదు. నేను చెప్పాను. ఊళ్లో వాన పట్టిందనీ, కరెంటు పోయిందనీ, ఐసుపెట్టె కర్నూలునుంచి రావాలన్నారనీ. అవన్నీ నిజాలే. కాని అసలు నిజం అది కాదు. ఆమెను ఇంకా రెండు రోజులు అట్లా పడుకోబెట్టి చూసే ధైర్యం నాకు లేకపోయింది. అదీ చెప్పాను. "నీ గురించి ఆలోచించలేదురా. ఆ పొద్దు నా గురించే ఆలోచించుకున్నా" అన్నాను.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అడిగింటే ఆగుంటావా?" అన్నాడు.

"ఆగేవాణ్ణేమో."

"నేనూ అడగలేదు కదా. ఫోనులో నాకు మాటే రాలేదు."

ఇంజను ఆపి దిగాడు. కోడలు తలుపు తీసి మా ఇద్దరి ముఖాలూ చూసి, ఓడిపోయారనుకుని ఏమీ అడక్కుండా చపాతీలు వేడిచేసింది.

పై మంగళవారం బంతి 11 పలకలు తిరిగింది. మరొక వారం పన్నెండు. లీగు ఆఖరి పోటీలో మావాళ్ల జట్టు తొమ్మిది పిన్నుల తేడాతో ఓడింది. అందులో మావాడి తప్పేమీ లేదు. బస్సు పెద్దమనిషి మోకాలు పట్టేసింది. ఆయన ఆ రాత్రే నా చిట్టా అడిగి తీసుకున్నాడు. తెలుగు అంకెలు వ్రాశానేమోనని భయపడ్డాను గాని లేదు.

ఆరునెలలుండాలని వెళ్లినవాణ్ణి మూడున్నర నెలలకే వచ్చేశాను. ఆషాఢంలో సంవత్సరీకం. మావాడు సెలవుపెట్టి నాతో వచ్చాడు. ఈసారి పిండాలు వాడే పెట్టాడు. తమ్ముడి కొడుకు పక్కన కూర్చుని అందించాడు. నాలుగు రోజులుండి, ఇంటి పైకప్పు కారుతున్నచోట సిమెంటు వేయించి వెళ్లిపోయాడు.

మొన్న కార్తీకంలో బుధవారంనాడు ఫోను చేశాడు. అంటే అక్కడ మంగళవారం రాత్రన్నమాట. వెనక పిన్నులు పడే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నాయనా, వేలు బిగుతవుతోంది. కన్నంలో ఒక ముక్క పీకేసినా."

"ఉంగరమో?"

"దారం ఉంది ఇంకా."

"బంతికి తలంటు పోసినావా?"

"రేపు శనివారం పోస్తా. పాప బకెట్టు పట్టుకుంటానంటోంది."

నీళ్ల వేడి చూసుకోమని చెప్పి పెట్టేశాను.